ఆరో రోజుకే కనుబొమ్మలు రాలిపోతున్నాయి, డబ్బులు పోయినట్టేనా?

మీ ప్రశ్న ఇదీ కదా: గుంటూరులో ఆరు రోజుల కింద మైక్రోబ్లేడింగ్, అంటే చర్మంలో సన్న గీతలు గీసి కనుబొమ్మలకి రంగు నింపే పని, చేయించుకున్నారు, మొదటి మూడు రోజులు బొగ్గుతో గీసినట్టు నల్లగా ఉన్నాయి, నిన్నటి నుంచి పొట్టు రాలుతోంది, రాలిన చోట రంగే లేదు, ఎడమ కనుబొమ్మ సగం మాయమైంది. అత్తగారేమో కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయమంటున్నారు, ఇంకో తొమ్మిది రోజుల్లో ఆడపడుచు పెళ్లి, చేసిన ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు.

ముందు జవాబు చెప్పేస్తాను, టెన్షన్ తగ్గుతుంది. డబ్బులు ఎక్కడికీ పోలేదు. ఆరో రోజు కనుబొమ్మ ఇలా ఉండకపోతేనే నాకు అనుమానం వస్తుంది. ఈ రాత్రికి మీరు చేయాల్సిన పని ఒక్కటే, అద్దం ముందు నుంచి లేవడం. సగం ఊడి సగం అంటుకుని ఊగుతున్న ఆ పొట్టు ముక్కని గోటితో లాగొద్దు, చిన్న కత్తెరతో కత్తిరిద్దామని కూడా చూడొద్దు. పసుపు వద్దు, కొబ్బరినూనె వద్దు. అత్తగారికి ఏం చెప్పాలో కింద రాశాను.

నేను విజయవాడలో పార్లర్ నడుపుతాను. పదిహేనేళ్లుగా త్రెడింగ్, ఏడేళ్లుగా ఈ పని. డాక్టర్ని కాదు కాబట్టి ఎక్కడ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలో అక్కడ ఆ మాటే చెప్తాను, మిగతాదంతా రోజూ ముఖాలు చూసి నేర్చుకున్నది.

మీ కనుబొమ్మకి అసలేం జరిగిందో తెలిస్తే సగం భయం పోతుంది. బ్లేడ్ అంటారు గానీ అది నిజానికి బ్లేడ్ కాదు, సన్నటి సూదులు దువ్వెన పళ్లలా ఒకే వరసలో ఉంటాయి, దాన్ని పెన్ను లాంటి పిడికి బిగిస్తాం. ఎడమచేతి వేళ్లతో నుదుటి చర్మాన్ని గట్టిగా సాగదీసి పట్టుకుని ఒక్కో వెంట్రుక పోకడలో ఒక్కో గీత గీస్తాం. గీత సరిగ్గా పడినప్పుడు చెవి దగ్గర పెట్టి వింటే కర్ మని సన్న చప్పుడు, కాగితం అంచు చిరిగినట్టు. చప్పుడు లేకపోతే పైపైనే పోతోందని అర్థం. రక్తం బొట్లుబొట్లుగా వస్తే లోతుకి దిగిందని అర్థం. ఆ రెండింటి మధ్య ఉన్న జాగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పైచర్మం అయిపోయి అసలు చర్మం మొదలయ్యే చోట రంగు కూర్చోవాలి, అక్కడ ఉండే కణాలు కొన్ని ఆ రంగు రేణువుల్ని మింగి కదలకుండా పట్టుకుంటాయి. ఇంకా పైన పడితే నెల తిరక్కుండానే పొట్టుతో పాటు పోతుంది. ఇంకా లోతుకి పోతే పోదు, కానీ గీత చెదిరి రంగు మారుతుంది.

రంగు ఎలా మారుతుందో చూడాలంటే మీ నాయనమ్మ చేతి మీద పచ్చబొట్టు ఉందేమో చూడండి. పొడిచింది నల్లటి మసే. కానీ లోతున ఉన్న నలుపుని చర్మం గుండా చూస్తే మనకి నీలంగా, పచ్చగా కనపడుతుంది, పేరులోనే పచ్చ ఉంది మరి. కనుబొమ్మ లోతుగా పొడిచేస్తే రెండేళ్లకి బూడిద రంగులోకి, నీలం జీరలోకి తిరిగేది ఇందుకే. అందరూ రంగు మంచిది కాదని తిడతారు, చాలాసార్లు తప్పు పొడిచిన చేతిది.

ఇప్పుడు మీ ఆరో రోజు సంగతి. గీతలో పెట్టిన రంగులో కొంత పైపొరలోనే ఉండిపోతుంది, రసి కారి ఎండిన చెక్కుతో కలిసి అది నల్లగా కనపడుతుంది. మీరు మూడో రోజు చూసిన బొగ్గు నలుపు అదే, అది అసలు రంగు కాదు. ఆ చెక్కు ఊడగానే కింద కొత్త చర్మం పొర లేతగా, పాల మీద మీగడ కట్టినట్టు మసకగా ఉంటుంది. రంగు దాని కింద ఉంది, పైకి కనపడదంతే. ఆ పొర పలచబడి సర్దుకోవడానికి నాలుగు వారాలు పడుతుంది, అప్పుడు రంగు మెల్లగా పైకి వచ్చినట్టు కనిపిస్తుంది. పదో రోజున "అక్కా, నా డబ్బులు తిరిగిచ్చెయ్యండి" అని మెసేజ్ పెట్టిన వాళ్లే నెలకి వచ్చి పెళ్లి ఫోటోలు చూపించి వెళ్తారు. నా ఫోన్‌లో ఇలాంటి మెసేజ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు.

అంటే మీకు ఇకముందు ఇలా నడుస్తుంది. ఎనిమిది, తొమ్మిదో రోజుకి పొట్టు దాదాపు అయిపోతుంది, దురద పుడుతుంది. పదో రోజు నుంచి రెండు వారాల దాకా అస్సలు నచ్చవు, అక్కడక్కడా ఖాళీలు, రెండు వైపులా రెండు రకాలు. మూడో వారం నుంచి లేత గోధుమ రంగులో గీతలు తేలతాయి. ఆరో వారానికి ఏం నిలబడిందో అది నిలబడినట్టు. అప్పుడు మాత్రమే టచప్, అంటే మిగిలిన ఖాళీల్ని మళ్లీ నింపడం. అంతకంటే ముందు, ఖాళీ కనిపించింది కదా అని మూడో వారంలోనే మళ్లీ పొడిచే వాళ్లు ఉన్నారు, మానని చర్మం మీద ఇంకో గాయం అది. ఎవరు రమ్మన్నా వెళ్లకండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి నా ముఖమే కారణం. కోర్సు నేర్చుకునేటప్పుడు చివరి రోజు ఒకరికొకరం చేసుకున్నాం. నాకు చేసిన అమ్మాయి కుడి కనుబొమ్మ తోక దగ్గర కాస్త లోతుకి పోయింది, మంట పుట్టింది, పోనీలే అనుకున్నాను. అది మే నెల. మర్నాటి నుంచే స్కూటీ మీద పార్లర్‌కి. మనందరికీ అలవాటే కదా, కళ్లు తప్ప ఏమీ కనపడకుండా స్కార్ఫ్ బిగించి కట్టడం. ఆ గుడ్డ అంచు సరిగ్గా కుడి కనుబొమ్మ తోక మీద రాసుకునేది, లోపల చెమట, పైన ఎండ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా దురద పుడితే గుడ్డ మీద నుంచే రుద్దుకునేదాన్ని. చెక్కు ముందే ఊడింది. గీతలు అక్కడ నిలవలేదు సరే, దాని చుట్టూ గోధుమ నలుపు మచ్చ ఒకటి పడింది, కంది పప్పు బద్ద అంత. అది పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. నేర్పించిన వాళ్లని అడిగితే నవ్వి "నీ స్కిన్ అంతే" అన్నారు.

నవ్వితే కోపం వచ్చింది గానీ, మాటలో నిజం ఉంది. మొటిమ తగ్గినా మచ్చ ఆరు నెలలు ఉంటుంది మనకి, దోమ కుట్టినా మచ్చే, నూనె చింది చిటుక్కుమన్నా మచ్చే. తెల్ల చర్మం ఎర్రబడి ఊరుకుంటుంది, మన చర్మం గాయం అయిన చోట నలుపు పోసి గుర్తు పెట్టుకుంటుంది. మీరు యూట్యూబ్‌లో చూసే వీడియోలు ఎక్కువ తెల్లవాళ్ల చర్మం మీదవి. వాళ్లు గీరుకుంటే గీత ఒకటి పోతుంది. మనం గీరుకుంటే గీతా పోతుంది, మచ్చా పడుతుంది. ఈ రెండు వారాలు నేను ఇంత చాదస్తంగా జాగ్రత్తలు చెప్పేది అందుకే.

అత్తగారి పసుపు సంగతి. పిల్లల మోకాళ్లు పగిలితే పసుపు వేసి పెంచిన చేతులు అవి, ఆవిడ ప్రేమతోనే చెప్తున్నారు. కానీ వంటింటి పసుపు డబ్బాలో రోజుకి నాలుగుసార్లు తడి చెంచా పడుతుంది, అది శుభ్రమైనది కాదు. పైగా పొడి కణాలు గీతల్లో ఇరుక్కుంటాయి, పసుపు పచ్చటి మరక వేస్తుంది, కొందరికి పసుపు పడక దద్దుర్లు కూడా వస్తాయి. కొబ్బరినూనె మీద నాకు పగ లేదు, తలకి నేనూ రాస్తాను. కానీ సీసాలో అందరి వేళ్లూ మునిగిన నూనెని మానని చోట రాస్తే, అందులోనూ మందంగా రాస్తే, చెక్కు నాని ముద్దలా ముందే ఊడిపోతుంది. ఆవిడతో వాదించకండి, "డాక్టరు పదిహేను రోజులు ఏమీ రాయొద్దన్నారు" అనండి. మన ఇళ్లలో పార్లర్ అమ్మాయి మాట చెల్లదు, డాక్టరు మాట చెల్లుతుంది.

మరి ఏం రాయాలి అంటే, దీని మీద మా వాళ్లలోనే రెండు పార్టీలు. ఒక పార్టీ పొడిగా వదిలేయమంటుంది, ఇంకో పార్టీ రోజూ ఆయింట్‌మెంట్ రాయమంటుంది. నేను చర్మాన్ని బట్టి చెప్తాను. ముఖం జిడ్డు కారే వాళ్లయితే ఏమీ వద్దు, వాళ్ల నూనే వాళ్లకి చాలు. పొడి చర్మం వాళ్లకి బిగుసుకుని చెక్కు పగిలేలా ఉంటే వాసన, రంగు లేని ఆయింట్‌మెంట్, చేసినావిడ ఇచ్చినదే, రెండు కనుబొమ్మలకీ కలిపి బియ్యపు గింజంత. రాసిన తర్వాత మెరుస్తోందంటే ఎక్కువైనట్టు, శుభ్రమైన టిష్యూతో అద్దేయండి. ఇంట్లో అలోవెరా మొక్క ఉంది కదా అని ఆకు కోసి జిగురు పూయకండి. మెడికల్ షాపులో అడిగి ఏదో స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ కూడా తెచ్చుకోకండి, మన ఊళ్లలో తెల్లబడడానికి అమ్మేవాటిలో చాలా అవే, అవి చర్మాన్ని పలచబరుస్తాయి, మానడాన్ని ఆలస్యం చేస్తాయి.

కడగడం మానేయకండి, చాలామంది నీళ్లు తగలకూడదన్నారని పది రోజులు ముఖమే కడగరు. నీళ్లు తగలొచ్చు, నానకూడదు. కాచి చల్లార్చిన నీళ్లు చేతిలోకి తీసుకుని పూటకోసారి కనుబొమ్మ మీద అలా పోనిచ్చి, టిష్యూతో అద్దండి. టవల్ వద్దు, దాని దారప్పోగులకి పొట్టు చిక్కుకుని లాగేస్తుంది. ముఖానికి సబ్బు కళ్ల కింది నుంచే. తలస్నానం ఎలాగూ తప్పదు కాబట్టి, సెలూన్‌లో చేసినట్టు తల వెనక్కి వాల్చి ఇంకొకరి చేత పోయించుకోండి. షాంపూ నురగ నుదుటి మీదికి రాకూడదు. వేడి నీళ్ల ఆవిరి నిండిన బాత్‌రూమ్‌లో అరగంట కూర్చోవద్దు. తల ఆరడానికి సాంబ్రాణి పొగ వేసుకునే అలవాటు ఉంటే ఈ రెండు వారాలు ఆపండి.

వంటింట్లో జాగ్రత్త అంటే ఆడవాళ్లు నవ్వుతారు. కానీ కుక్కర్ మూత తీసినప్పుడు ఆవిరి సరిగ్గా ఎక్కడికి వస్తుందో మీకే తెలుసు. బజ్జీలు, అప్పడాలు వేయించే పని కొన్నాళ్లు ఇంకెవరికైనా అప్పగించండి. జిమ్, పరుగు, ఈత పూర్తిగా మానండి. చెమట ఉప్పు నీళ్లే కదా, మంట పుట్టిస్తుంది.

బొట్టు గురించి ఎవరూ చెప్పరు, మా దగ్గర అందరూ అడుగుతారు. స్టిక్కర్ బొట్టు రెండు కనుబొమ్మల మధ్య కాస్త కిందికి, గీతల మొదలుకి తగలకుండా పెట్టుకోవచ్చు. తీసేటప్పుడు పక్కకి లాగకండి. కుంకుమ మాత్రం ఆపండి, చెమటకి జారి పక్కకి పాకుతుంది. గుడిలో పూజారి గారు పెడతానంటే చేత్తో పుచ్చుకుని మెడ దగ్గర పెట్టుకోండి.

ఇక పెళ్లి. మీరు లెక్కేసుకోండి, పెళ్లి రోజుకి మీకు పదిహేనో రోజు. మీరు వదినగారు, అంటే నలుగు పెట్టేదీ మీరే, హారతి పట్టేదీ మీరే. నలుగు మీరు పెట్టండి, మీకు ఎవరూ పెట్టకుండా చూసుకోండి, మన పెళ్లిళ్లలో పెళ్లికూతురి కంటే వదినలకే పసుపు ఎక్కువ పూస్తారు. ముందే అందరికీ చెప్పేయండి, బుగ్గల మీద, చేతుల మీద పూయండి, నుదురు జోలికి రావద్దు అని. వసంతాలు చల్లుకునేటప్పుడు దూరంగా నిలబడండి, మొహమాటపడొద్దు. హోమం దగ్గర వేడికి, పొగకి ఎదురుగా గంటలు కూర్చోకండి. పెళ్లికని బ్లీచ్, ఫేషియల్, డీట్యాన్, త్రెడింగ్ ఏదీ ఇప్పుడు వద్దు. చుట్టూ మొలిచిన వెంట్రుకలు అసహ్యంగా ఉన్నాయా, పద్నాలుగు రోజులు దాటాక గీతలకి దూరంగా ఉన్నవి ఒకటీ రెండూ ట్వీజర్‌తో తీయండి. దారం మాత్రం నెల దాకా వద్దు.

మేకప్ అడుగుతారు కాబట్టి: పెళ్లి రోజుకి పొట్టు మొత్తం రాలిపోయి, చర్మం నున్నగా, మంట లేకుండా ఉంటే కనుబొమ్మ మీద పెన్సిల్ తేలికగా వేసుకోవచ్చు. పెన్సిల్ కొత్తది అయి ఉండాలి, మేకప్ అమ్మాయి పెట్టెలో ఇరవై మందికి వాడినది కాదు. ఒక్క చోట పొట్టు మిగిలి ఉన్నా ఫౌండేషన్, పౌడర్ దాని మీదికి పోనివ్వకండి. ఖాళీగా కనిపిస్తే కనిపించనివ్వండి, కాటుక కాస్త దిట్టంగా పెట్టుకుంటే చూసేవాళ్ల కళ్లు కనుబొమ్మ దాకా పోవు, ఇది పదిహేనేళ్ల పార్లర్ అనుభవం. పెళ్లికూతుళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముహూర్తానికి కనీసం రెండున్నర నెలలు ముందు చేయించుకోండి, టచప్ కూడా అందులో అయిపోతుంది. వారం ముందు వచ్చిన వాళ్లని నేను వెనక్కి పంపిస్తాను, వాళ్లు పక్క వీధిలో చేయించుకుంటారు, తర్వాత ఏడుస్తూ నా దగ్గరికే వస్తారు.

ఇక్కడి దాకా మామూలు సంగతి. మామూలు కానిది ఏదో కూడా తెలియాలి. మొదటి రెండు రోజులు ఎర్రదనం, కొంచెం వాపు, నీళ్ల లాంటి రసి ఉంటాయి, అవి తగ్గుతూ పోవాలి. మూడో రోజు తర్వాత కూడా ఎర్రదనం, నొప్పి పెరుగుతూ ఉంటే, ముట్టుకుంటే వేడిగా ఉంటే, పచ్చటి చీము, తేనె రంగు చెక్కులు కడుతుంటే, జ్వరం వస్తే, కనురెప్ప వాచి కన్ను మూసుకుపోతుంటే ఆ రోజే చర్మ డాక్టర్ దగ్గరికి. పార్లర్ వాళ్లకి ఫోటో పంపి జవాబు కోసం కూర్చోవద్దు. కనుబొమ్మ దాటి నుదుటి మీదికి, రెప్పల మీదికి దద్దుర్లు, విపరీతమైన దురద వస్తే అది రంగో, మత్తు క్రీమో, ఆయింట్‌మెంటో పడకపోవడం. అదీ డాక్టర్ చూడాల్సిందే.

ఇంకో రకం ఉంది, దాన్ని మా వాళ్లు కూడా చాలామంది ఎరగరు. అంతా బాగా మానిపోయాక కొన్ని వారాలకో, నెలలకో గీతల వెంటే చిన్న చిన్న గట్టి బుడిపెలు లేస్తాయి. రంగుకి ఒళ్లు ఎదురు తిరగడం వల్ల కావచ్చు, నీళ్లలో ఉండే మైకోబాక్టీరియా అనే ఒక రకం క్రిమి వల్ల కావచ్చు, రంగుని కుళాయి నీళ్లతో పలచన చేసే చోట్ల ఈ భయం ఉంటుంది. మొటిమ అనుకుని గిల్లకండి. డాక్టర్‌కి కనుబొమ్మలు చేయించుకున్న సంగతి కచ్చితంగా చెప్పండి, చెప్పకపోతే ఆయనకీ తట్టకపోవచ్చు.

చేసినావిడ ఫోన్ ఎత్తడం లేదన్నారు. ఎవరో, ఎక్కడో నాకు అక్కర్లేదు, ఒక మెసేజ్ మాత్రం పెట్టి ఉంచండి: ఏ కంపెనీ రంగు, ఏ షేడ్, సీసా మీద బ్యాచ్ నంబరు ఏంటి అని. టచప్‌కి ఇంకొకరి దగ్గరికి వెళ్లినా, డాక్టర్ దగ్గరికి వెళ్లినా అది అవసరం. ఎందుకంటే రంగుల్లో ముఖ్యంగా రెండు జాతులు. ఐరన్ ఆక్సైడ్ రంగులు, అంటే ఇనుము ఉన్నవి, పాతబడుతూ ఎరుపు, నారింజ జీరలోకి తిరుగుతాయి, నలుపు, పసుపు పాలు ముందు పోయి ఎరుపు మిగిలిపోతుంది కాబట్టి. కార్బన్ రంగులు, అంటే మసి లాంటి నలుపువి, ఎక్కువ కాలం ఉంటాయి, కానీ బూడిద రంగులోకి పోతాయి. దేని మీద ఏది వేయాలో కింద ఏముందో తెలిస్తేనే తెలుస్తుంది. ఊరికే ఎర్రగా ఉంది కదా అని పైన నల్లది పోస్తే రెండేళ్లకి మీ నాయనమ్మ పచ్చబొట్టు మీ ముఖం మీదికి వస్తుంది.

టచప్‌కి వెళ్లే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. ముఖం కడిగి ఏమీ రాయకుండా గంట ఆగి, పలచటి టిష్యూ కనుబొమ్మల మీద ఒత్తి వెలుతురుకి ఎత్తి చూడండి. నూనె మరక పడితే మీకు గీతలు సరిపడవు. జిడ్డు చర్మంలో సన్న గీతలు నెలలు గడిచేకొద్దీ పక్కకి పాకి, తడి కాగితం మీద ఇంకు గీత గీసినట్టు అవుతాయి. అలాంటి వాళ్లకి పౌడర్ బ్రోస్, అంటే మెషిన్‌తో చుక్కలు చుక్కలుగా నింపేది, నయం. గీతలు ఏడాది, ఏడాదిన్నర ఉంటే అది రెండు మూడేళ్లు ఉంటుంది, గాయం కూడా తక్కువ. నిజం చెప్పాలంటే మన దగ్గర వచ్చే పది మందిలో ఏడుగురికి నేను పౌడరే చెప్తాను. కానీ అందరికీ ఫోటోలో వెంట్రుకలే కావాలి.

ఒకవేళ నచ్చకపోతే తీయించేయొచ్చా అంటే, తీయించొచ్చు, కానీ అదేదో రబ్బరుతో చెరిపినట్టు కాదు. చర్మ డాక్టర్ దగ్గర లేజర్, కొన్ని సిట్టింగులు, మధ్యలో వారాల తరబడి ఎదురుచూపు, మన రంగు చర్మం మీద జాగ్రత్తగా చేసేవాళ్లు కావాలి. ఒక్కటి మాత్రం చేయకండి, తప్పుగా పడిన గీతని చర్మం రంగు పిగ్మెంట్‌తో కప్పేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ లేత రంగుల్లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి ఉంటుంది, తర్వాత లేజర్ కొడితే అది వెలిసిపోవడం మానేసి నల్లబడొచ్చు. అప్పుడు అసలు దానికంటే ఇదే పెద్ద తలనొప్పి.

చేయించుకోవాలనుకుంటున్న మిగతా వాళ్లకి కొన్ని మాటలు. కనుబొమ్మల చివరి మూడో వంతు ఈ మధ్యే పలచబడిందా, ఒళ్లు బరువుగా, జుట్టు ఊడుతూ ఉందా, ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. మందు వేసుకుంటే వెంట్రుకలే మళ్లీ రావచ్చు, అప్పుడు నా అవసరమే లేదు. చెవులు కుట్టించుకున్న చోట గడ్డలా పెరిగిన వాళ్లు, ఏదైనా కోత మానాక ఉబ్బెత్తుగా మచ్చ లేచిన వాళ్లు దీని జోలికి పోవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగండి, తొందరేం లేదు. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడిన వాళ్లు ఆపాక ఆరు నెలలు ఆగాలి. రెటినాల్, గ్లైకోలిక్ లాంటి చర్మం పొర లేపే క్రీములు నెల ముందు నుంచీ నుదుటికి రాయొద్దు. షుగర్ ఉంటే అదుపులో ఉందో లేదో చూసుకుని డాక్టర్ని అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు కనుబొమ్మల కోసం వాటిని సొంతంగా ఆపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. జుట్టు రంగు పడక ఎప్పుడైనా ముఖం వాచిన వాళ్లు ప్యాచ్ టెస్ట్, అంటే ముందు కొంచెం చోట రాసి పడుతుందో లేదో చూడడం, లేకుండా కూర్చోవద్దు.

కుర్చీలో కూర్చున్నాక సూది ప్యాకెట్ మీ కళ్ల ముందు చింపాలి, ఎక్స్‌పైరీ తేదీ చూపించమనండి, అడగడానికి మీరు సిగ్గుపడితే, వాడిన సూదితో అంటుకునే కాలేయ జబ్బు హెపటైటిస్ సిగ్గుపడదు. మత్తు క్రీమ్ ఏంటో అడగండి. మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరికేది లిడోకెయిన్, ప్రిలోకెయిన్ చెరి 2.5 శాతం ఉండేది, పేరూ ఊరూ లేని డబ్బాలో ఘాటైనది రాసి మొత్తం మొద్దుబారుస్తామంటే వద్దనండి. ఇక ఫోటోలు చూపిస్తారు కదా, అప్పుడే చేసినవి కాదు, మూడు నెలలు మానాక తీసినవి అడగండి. అవి లేవంటే నాకు ఇంకేం అడగాలనిపించదు.

మరచిపోయేవి రెండు. మన దేశంలో టాటూ వేయించుకున్నాక 12 నెలలు రక్తదానానికి తీసుకోరు, ఇదీ దాని కిందికే వస్తుంది, క్యాంపుకి వెళ్తే దాచకుండా చెప్పండి. ఎంఆర్ఐ తీయించుకోవాల్సి వస్తే టెక్నీషియన్‌కి చెప్పండి, ఇనుము ఉన్న రంగులైతే అరుదుగా అక్కడ వేడిగా, మంటగా అనిపించొచ్చు. అంతమాత్రాన స్కాన్ మానుకోకండి.

పూర్తిగా మానాక, అంటే నెల దాటాక, రోజూ సన్‌స్క్రీన్ కనుబొమ్మ మీద కూడా రాయండి. రంగు వెలిసేది ఎండకే, మచ్చ ముదిరేదీ ఎండకే. అంతవరకు గొడుగు. స్కార్ఫ్ కట్టక తప్పదంటే వదులుగా, నుదుటి మీద కనుబొమ్మకి పైనే ఆగేలా కట్టుకోండి, నా పాట్లు మీకు వద్దు. హెల్మెట్ లోపలి స్పాంజి కూడా అక్కడే ఒత్తుతుంది, ఈ వారం ఎవరైనా కారులో దింపుతారేమో చూడండి.

మీరు పెట్టిన ఫోటో రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీసింది, దాన్ని బట్టి ఏ రంగూ చెప్పలేం. రేపు పొద్దున కిటికీ దగ్గర నిలబడి ఒకటి, పద్నాలుగో రోజు అదే చోట ఒకటి, ఆరు వారాలకి ఒకటి తీయండి, మధ్యలో అద్దం చూడ్డం తగ్గించండి. అన్నట్టు, ఎడమ కనుబొమ్మే ఎక్కువ పోయిందన్నారు కదా. మీరు ఎడమవైపు తిరిగి పడుకుంటారా? ఇవాళ దిండు గలీబు మార్చి, వెల్లకిలా పడుకోండి.